సీ హాక్: ఓడ డెక్ కోసం కట్టిన విమానం నేల మీద ఎక్కడెక్కడ చెడుతుంది

గోవాలో బోగ్మాలో వెళ్ళే దారిలో నేవల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది. 1998 అక్టోబరులో తెరిచారు. ఆరుబయట నిలిపిన విమానాల్లో ముందు కళ్ళు పడేది నాలుగు ఇంజన్ల సూపర్ కాన్‌స్టలేషన్ మీదే. బ్రిటన్ నేవీ కోసం చేసిన జెట్ ఫైటర్ హాకర్ సీ హాక్ దాని ముందు చాలా చిన్నది: పొడవు 12.09 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 11.89 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 4,200 కిలోలు. అయినా భారత నేవీకి ఓడ మీద జెట్ యుగం మొదలైంది దీనితోనే. నేవీ మొదటి విమాన వాహక నౌక, పాత విక్రాంత్ మీద తొలి రెండు దశాబ్దాల పాటు ఫైటర్ అంటే ఇదే.

ఈ విమానాన్ని మ్యూజియంలో నిలబెట్టి ఉంచడం ఓ మామూలు వైమానిక దళం విమానాన్ని ఉంచినంత సులువు కాదు. కారణం విమానంలోనే ఉంది. మడిచే రెక్క, దిగేటప్పుడు ఆగడానికి డెక్ మీది కేబుల్‌ని పట్టుకునే కొక్కెం, డెక్ మీద దబ్బున దిగినా తట్టుకునే కాళ్ళు, చీలిన జెట్ గొట్టం... ఓడకు పనికొచ్చేలా చేసిన ప్రతి ఏర్పాటూ రెండు లోహాలు కలిసే చోటునో, నీళ్ళు నిలిచే సందునో వెంట తెచ్చింది. మ్యూజియంలో చెడు మొదలయ్యేది సరిగ్గా ఆ చోట్లలోనే.

జెట్ గొట్టం ఎందుకు చీలింది

సీ హాక్ తోక వైపు నిలబడి చూస్తే ఇంజన్ మంట బయటికొచ్చే రంధ్రం కనపడదు. తోక సన్నగా, పెన్సిల్ మొనలా ముగుస్తుంది. రంధ్రాలు రెండూ రెక్కల మొదట్లో, వెనక అంచు దగ్గర, ఫ్యూజలేజ్‌కి (విమానం మధ్య ఒళ్ళుకి) చెరోవైపు ఉంటాయి. గాలి లోపలికి వెళ్ళే దారులు కూడా రెక్కల మొదట్లోనే, ముందు అంచులో ఉంటాయి. మధ్యలో ఒకే ఒక్క రోల్స్ రాయిస్ నీన్ ఇంజన్ ఉంటుంది.

నీన్ సెంట్రిఫ్యూగల్ రకం. గాలిని పక్కకు విసిరే పెద్ద చక్రం దీని కంప్రెసర్. ఆ చక్రానికి ముందూ వెనకా రెండు వైపులా రెక్కలుంటాయి. చుట్టూ తొమ్మిది దహన గదులు. వ్యాసం దాదాపు 1.26 మీటర్లు కాబట్టి ఇంజన్ బాగా లావు, పొడవు మాత్రం తక్కువ. తొలి సీ హాక్‌లలోని నీన్ 101కి 5,000 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు తోసే బలం), ఆరో మార్క్‌లో, అంటే ఆరో రకంలో, వాడిన నీన్ 103కి 5,200. ఇదే నీన్‌ని బ్రిటన్ అప్పట్లో సోవియట్ యూనియన్‌కి కూడా అమ్మింది. అక్కడ దాన్ని చూసి చేసుకున్న ఇంజన్ మిగ్-15లో చేరింది. ఒకే ఇంజన్‌తో ఒక దేశం వెనక్కి వాలిన రెక్కల మిగ్ చేస్తే, హాకర్ కంపెనీ వాలు లేని తిన్నని రెక్కల సీ హాక్ చేసింది. వేగంలో మిగ్‌దే పైచేయి. డెక్ మీద నెమ్మదిగా, అదుపుగా దిగడానికి మాత్రం తిన్నని రెక్కే నమ్మకమైనది. ఆ రోజుల్లో హాకర్ ఎంచుకున్నది తప్పని అనలేం.

ఇంజన్‌ని మధ్యలో పెట్టి గొట్టాన్ని తోక దాకా లాగితే రెండు నష్టాలు. పొడవాటి గొట్టంలో రాపిడికి థ్రస్ట్ కొంత పోతుంది. ఫ్యూజలేజ్ వెనక సగమంతా వేడి గొట్టానికే సరిపోతుంది. హాకర్ ముఖ్య డిజైనర్ సిడ్నీ కామ్ బృందం గొట్టాన్ని రెండుగా చీల్చి రెక్కల మొదట్లోంచే బయటికి తీసేసింది. వెనక ఖాళీ అయిన చోట ఇంధనం ట్యాంకు పట్టింది. ఇంజన్‌కి ముందొకటి, వెనకొకటి ట్యాంకులు ఉండటంతో ఇంధనం ఖర్చవుతున్నా గరిమనాభి పెద్దగా కదలదు. లోపలి ట్యాంకుల్లో మొత్తం సుమారు 1,800 లీటర్లు పడుతుంది. సముద్రం మీద తిరిగి దిగాల్సిన డెక్ కూడా కదులుతూ ఉంటుంది కాబట్టి ఇంధనం విషయంలో నేవీ పైలట్‌కి వెసులుబాటు ఎప్పుడూ తక్కువే. అందుకే ఈ చీలిక వింత కోసం చేసింది కాదు, అవసరం కోసం చేసింది.

పి.1040 పేరుతో తొలి నమూనా 1947 సెప్టెంబరు 2న ఎగిరింది. బ్రిటిష్ నేవీ స్క్వాడ్రన్‌లోకి సీ హాక్ 1953లో వచ్చింది. అప్పటికే హాకర్ కంపెనీ చేతినిండా హంటర్ అనే మరో ఫైటర్ పని ఉండటంతో, మొదటి 35 విమానాల తర్వాత తయారీ మొత్తం ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ కంపెనీకి వెళ్ళింది. 1956 సూయజ్ యుద్ధంలో పాల్గొంది. ఇండియా 1959లో ఆర్డరిచ్చింది. కొన్ని కొత్తవి, కొన్ని రాయల్ నేవీలో వాడి మరమ్మతు చేసినవి. 300వ స్క్వాడ్రన్ ‘వైట్ టైగర్స్’ 1960 జూలైలో బ్రిటన్‌లోని బ్రాడీ నేవల్ స్టేషన్లో మొదలైంది. 1961 మే 18న విక్రాంత్ డెక్ మీద తొలి జెట్‌ని దింపిన లెఫ్టినెంట్ ఆర్.హెచ్. తహిలియానీ తర్వాత నేవీ చీఫ్ అయ్యారు. పశ్చిమ జర్మనీ నేవీ పక్కన పెట్టిన సీ హాక్‌లు కూడా తర్వాత ఇక్కడికే వచ్చాయి.

1971 యుద్ధానికి విక్రాంత్ తూర్పు తీరానికి వచ్చేసరికి నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళిచ్చి ఉంది. ఓడ పూర్తి వేగం అందుకోలేదు. కాటపుల్ట్ (డెక్ మీంచి విమానాన్ని విసిరే యంత్రం) నుంచి లేచే విమానానికి మూడు వేగాలు కలవాలి: కాటపుల్ట్ ఇచ్చే వేగం, ఓడ వేగం, ఎదురుగాలి. ఓడ వేగం తగ్గితే ఆ లోటు గాలితోనో, విమానం బరువు తగ్గించుకునో పూడ్చుకోవాలి. తేలికైన సీ హాక్ అక్కడ అక్కరకొచ్చింది. విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ బయట మునిగింది. డిసెంబరు 4న తీరానికి 60 నాటికల్ మైళ్ళ దూరం నుంచి లేచిన ఎనిమిది సీ హాక్‌లు కాక్స్ బజార్, చిట్టగాంగ్ వైపు దాడి చేశాయి. 1983 చివర్లో సీ హారియర్ అనే కొత్త జెట్‌లు గోవా చేరడంతో వీటి కాలం ముగిసింది. విక్రాంత్ కొన్నాళ్ళు ముంబయిలో మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కుగా అమ్ముడుపోయింది. ఆ డెక్ మీద పనిచేసిన వాటిలో ఇక మిగిలినవి ఇలాంటి విమానాలే.

వాన కడగని చోట్లు

గోవాలో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. విమానానికి వానే శత్రువు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అల్యూమినియం రేకుకి వాన నీరు చేసే హాని తక్కువ. పై రేకుల మీద పేరుకున్న ఉప్పుని వాన కడిగేస్తుంది కూడా. అసలు హాని వాన తగలని చోట్ల జరుగుతుంది: రెక్క కింది భాగం, చక్రాలు ముడుచుకునే గూళ్ళు, తుపాకుల అర, రెక్క మడిచే సందు, తోక కింద కొక్కెం కూర్చునే గాడి. సముద్రం మీంచి వచ్చే గాలి ఉప్పుని అక్కడికి మోసుకెళ్తుంది. కడిగే వాన మాత్రం అక్కడికి చేరదు.

మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే, ఆ తేమను పీల్చుకుని తనంతట తానే ద్రవమవుతుంది. తీరంలో రాత్రిపూట తేమ ఏడాదిలో చాలా భాగం అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే వాన లేని నెలల్లో కూడా రేకు మీద పలచని ఉప్పునీటి పొర రోజూ ఏర్పడి రోజూ ఆరుతూ ఉంటుంది. రెండు లోహాల మధ్య విద్యుత్ పారడానికి అదే చాలు.

అల్యూమినియం పక్కన ఉక్కు గానీ, రాగి మిశ్రమం గానీ ఉంటే ఆ ఉప్పునీటి పొరలో ముందు తినేసుకుపోయేది అల్యూమినియమే. మెగ్నీషియం ఉంటే దానికంటే ముందు అది పోతుంది. ఆ కాలపు బ్రిటిష్ విమానాల్లో చక్రాల హబ్‌లు, గేర్‌బాక్స్ తొడుగులు తరచూ మెగ్నీషియం మిశ్రమంతోనే చేసేవారు. చూడటానికి పెయింటు బాగానే ఉన్నట్టుంటుంది, వేలితో నొక్కితే బూడిదలా లోపలికి దిగుతుంది.

ఇందులో విస్తీర్ణాల నిష్పత్తి కీలకం. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న ఉక్కు బోల్టు ఉంటే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పెద్ద ఉక్కు భాగాన్ని ఆనుకుని పలచని అల్యూమినియం అంచు ఉంటే నష్టం చాలా వేగంగా జరుగుతుంది. సీ హాక్‌లో రెండో పరిస్థితి ఉన్న చోటు చీలిన జెట్ గొట్టం బయటికొచ్చే భాగమే. వేడిని తట్టుకునే ఉక్కు గొట్టం చుట్టూ పలచని రేకుల తొడుగు ఉంటుంది. పైగా గొట్టం కిందికి వంగిన చోట వాన నీరు నిలుస్తుంది. ఆ తొడుగు లోపలి అంచుని టార్చి లైటు, చిన్న అద్దం పెట్టి ఏడాదికి కనీసం రెండుసార్లు, వానాకాలానికి ముందూ తర్వాతా చూడాలి. రంధ్రాలకు మూతలు పెట్టడం మంచిదే, కానీ గాలి చొరబడకుండా బిగించేస్తే లోపలి తేమ బయటికి పోదు. పిట్టలు దూరని, గాలి ఆడే సన్న జల్లెడ ఉన్న మూత కావాలి. కింది పక్కన నీరు కారే రంధ్రం ఉండాలి.

తుప్పు మొదలైందని చెప్పే గుర్తులు మూడు. మొదటిది రివెట్ల మధ్య రేకు ఉబ్బడం. అల్యూమినియం చిలుము అసలు లోహం కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండు రేకుల సందులో అది పెరిగితే రేకు పైకి లేస్తుంది, చివరికి రివెట్ తలలు తెగిపోతాయి. రెండోది పెయింటు కింద సన్నని దారాల్లా పాకే చారలు. అవి రేకుని పెద్దగా తినవు గానీ పెయింటుని వదిలిస్తాయి. మూడోది అన్నిటికంటే ప్రమాదం: దిమ్మ లోహంతో చేసిన స్పార్లు (రెక్క లోపలి దూలాలు), ఫిట్టింగుల అంచులు పొరలు పొరలుగా విడిపోవడం. ఇది కనబడితే అక్కడ గోకి పెయింటు వేసి ఊరుకోవడం కుదరదు. లోపల ఎంత మందం మిగిలిందో అల్ట్రాసోనిక్ మీటర్‌తో కొలిచి, ఆ భాగం మీద బరువు పడకుండా ఆసరా ఇచ్చాకే మిగతా పని.

మంచి ఉద్దేశంతో చేసే తప్పులు

అతి సాధారణమైన తప్పు స్టెయిన్‌లెస్ బోల్టు. తుప్పు పట్టిన పాత కాడ్మియం పూత బోల్టు తీసేసి, ‘ఇది ఇక తుప్పు పట్టదు’ అని స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తారు. నిజమే, ఆ బోల్టుకి ఏమీ కాదు. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం రంధ్రం మాత్రం వానాకాలాలు గడిచేకొద్దీ నెమ్మదిగా వెడల్పవుతూ పోతుంది. పాత రకం పూత ఉన్న బోల్టే వేయాలి. వేసేటప్పుడు మరకు, తల కింద డ్యూరాలాక్ లాంటి బేరియం క్రోమేట్ పేస్టు గానీ సీలెంట్ గానీ రాసి తడిగానే బిగించాలి. డ్యూరాలాక్‌లో క్రోమేట్ అనే విషపదార్థం ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

రెండో తప్పు కారు షెడ్లలో వాడే పాలిస్టర్ పుట్టీ. గుంట పడిన చోట నింపి, గీకి, పైన నిగనిగలాడే ఎనామెల్ కొడితే ఫోటోలో బాగుంటుంది. పుట్టీ తేమ పీల్చుకుని కింద చిలుముని పెంచుతూనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ పుట్టీ పెచ్చుగా ఊడొచ్చే చోట రేకే ఉండదు. సరైన పని ఇలా సాగుతుంది. నైలాన్ రాపిడి ప్యాడ్‌తో గానీ అల్యూమినియం ఉన్నితో గానీ చిలుము తీయాలి. స్టీల్ ఉన్ని, ఇనుప బ్రష్ వాడితే ఇనుప రజను రేకులో దిగబడి కొత్త తుప్పుకి బీజమవుతుంది. శుభ్రమైన లోహం బయటపడ్డాక కన్వర్షన్ కోటింగ్ (తుప్పుని ఆపే పలచని రసాయన పూత) వేసి, ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. రాత్రంతా వదిలేస్తే ఉప్పుగాలి పనంతా వెనక్కి తీసుకెళ్తుంది. పెయింటు ఆ తర్వాత. లోపలి అరల్లో, పెయింటు బ్రష్ చేరని చోట్ల, నీటిని తోసేసి మైనపు పొరలా మిగిలే నివారణ ద్రవం కొట్టాలి. అది శాశ్వతం కాదు, ఏటా చూసి మళ్ళీ కొట్టుకోవాల్సిందే.

రేకులకు మెరుగు పెట్టడం కూడా అనుకున్నంత మంచిది కాదు. విమానపు రేకు బలమైన మిశ్రమం, దానికి రెండు వైపులా మొత్తం మందంలో దాదాపు ఐదు శాతం చొప్పున శుద్ధ అల్యూమినియం పూత ఉంటుంది. తుప్పుని ఆపేది ఆ పూతే. ఏటేటా అద్దంలా తళతళలాడించాలని రుద్దితే అరిగిపోయేది కూడా అదే.

కడగడానికి మంచినీళ్ళు, పీహెచ్ 7 దగ్గర ఉండే తేలిక సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ప్రెషర్ వాషర్ వాడితే ఉప్పునీరు రేకుల అతుకుల్లోకి ఇంకా లోతుగా వెళ్తుంది. మామూలు గొట్టంతో కింది నుంచి పైకి సబ్బు రాసి, పైనుంచి కిందికి కడగాలి. ఉప్పు పోయిందో లేదో కళ్ళతో తెలియదు. విమానం మీంచి కారే నీటిని కండక్టివిటీ మీటర్‌తో కొలిచి, గొట్టంలోని నీటి విలువకు దగ్గరగా వచ్చేదాకా కడగాలి. ముందుగా పొట్ట కింద ఉండే చిన్న నీటి రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. వాటిని పాత పెయింటు, కందిరీగల మట్టి, ఆకుల చెత్త మూసేస్తాయి. పుల్లతోనో నైలాన్ కడ్డీతోనో పొడవాలి, ఇనుప తీగతో కాదు. రంధ్రం మూసుకుపోయి లోపల నీరు నిలిచిన విమానాన్ని వాన నుంచి కాపాడినా లాభం లేదు.

కాక్‌పిట్ మీది పారదర్శకమైన పర్స్పెక్స్ మూత, అంటే కానపీ, సంగతి వేరు. ఎండకి సన్నని పగుళ్ళు వస్తాయి. థిన్నర్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ తగిలితే ఆ పగుళ్ళు నిమిషాల్లో పెరుగుతాయి. గాలి ఆడే తెల్ల నూలు గుడ్డ కప్పాలి, ప్లాస్టిక్ షీటు కాదు.

ముట్టుకునే ముందు

పాత జెట్‌ని శుభ్రం చేయడం అంటే ముందు దాన్ని నిరపాయం చేయడం. ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటులో, దాని చిన్న పారాచూట్‌ని వదిలే డ్రోగ్ గన్‌లో, మంటలార్పే బాటిల్ ముట్టించే ఏర్పాటులో పేలుడు కార్ట్రిడ్జ్‌లు ఉంటాయి. సీటు మీద ‘సేఫ్’ అని చీటీ ఉందని నమ్మి ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆయుధాల పని తెలిసిన నేవీ మనిషి ఒక్కొక్కటి తెరిచి చూసి, నంబరు వారీగా రాసి సంతకం చేశాకే మిగతా వాళ్ళు కాక్‌పిట్‌లోకి వెళ్ళాలి. ఒత్తిడిని దాచుకునే హైడ్రాలిక్ అక్యుములేటర్లు, కాళ్ళలో అదురుని తట్టుకునే ఓలియో గొట్టాలు, కొక్కెం డ్యాంపర్‌లో ఏళ్ళు గడిచినా ఒత్తిడి మిగిలి ఉండొచ్చు. అన్నింటినీ ఖాళీ చేసి, ఓలియో కుంగకుండా బయట లోహపు కాలర్ వేయాలి.

1950ల కాక్‌పిట్ డయళ్ళలో చీకట్లో వెలిగే రంగుకి రేడియం వాడేవారు. ఇప్పుడవి వెలగవు, అంత మాత్రాన చల్లారిపోయినట్టు కాదు. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ పాడయింది అంతే. రేడియం సగం తగ్గడానికే సుమారు 1,600 ఏళ్ళు పడుతుంది. డయల్ గాజు పగిలితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గాజు పగలకపోయినా, మూసి ఉంచిన కాక్‌పిట్‌లో రేడాన్ వాయువు పేరుకుంటుంది. కానపీ తెరిచి గాలి బాగా ఆడనిచ్చాకే లోపలికి ఎక్కాలి. సర్వే మీటర్‌తో కొలిచి ఏ డయల్ ఎంత అనేది నమోదు చేయాలి. డయళ్ళు ఊడదీయాల్సి వస్తే అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలు పాటించాలి, తుక్కులో పారేయడం నేరం.

జెట్ గొట్టం చుట్టూ కట్టిన వేడి నిరోధకాన్ని, బ్రేక్ లైనింగులను పరీక్ష చేయించేదాకా ఆస్బెస్టాస్ గానే భావించాలి. ఆకుపచ్చ పసుపు కలిసిన ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది, పొడిగా గీకకూడదు.

బరువు లెక్కలు

మ్యూజియంకి ఇచ్చే ముందు తుపాకులు తీసేస్తారు. సీ హాక్ ముక్కు కింది భాగంలో నాలుగు 20 మిల్లీమీటర్ల హిస్పానో తుపాకులు ఉండేవి. ఒక్కొక్కటి 42 కిలోల దాకా ఉంటుంది. నాలుగూ పోతే ముక్కు వైపు 170 కిలోల దాకా తగ్గినట్టే. సీటు కూడా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మూడు చక్రాల మీద నిలబడే విమానం కాబట్టి ముక్కు తేలికైతే ముక్కు చక్రం నేలకి గట్టిగా ఆనదు, తుఫాను గాలికి తోక మీద కూలబడే ప్రమాదం ఉంటుంది. తుపాకుల అరలో బరువు పెట్టడం అందరూ చేసేదే. ఏం పెడతారన్నదే ప్రశ్న. ఇసుక బస్తాలు తేమ పీలుస్తాయి. సిమెంటు దిమ్మలైతే తేమ తగిలాక క్షారం వదులుతాయి, అల్యూమినియం దానికి తట్టుకోదు. పెయింటు వేసిన ఉక్కు పలకలు గానీ, మూసేసిన సీసం దిమ్మలు గానీ రబ్బరు పలక మీద పెట్టి కట్టాలి.

టైర్ల మీద ఏళ్ళ తరబడి బరువు పడితే అవి ఒక వైపు చదునై పగులుతాయి. జాకీ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టి, టైర్లు నేలకు తగిలీ తగలనట్టు ఉంచాలి. పాత మెగ్నీషియం హబ్‌లో గాలి కొట్టడం మరీ ప్రమాదకరం, పగులున్న హబ్ బాంబులా విచ్చుకుంటుంది. గాలి పూర్తిగా తీసేసి లోపల ఫోమ్ నింపడం మేలు.

పెయింటు కింద చరిత్ర

మళ్ళీ మళ్ళీ పెయింటు వేసిన విమానాల్లో పాత పొరలే ప్రాథమిక ఆధారం. రూపాయి బిళ్ళంత చోట, తడి ఎమరీ కాగితంతో నెమ్మదిగా రుద్దుకుంటూ పోతే పొరలు వలయాలుగా బయటపడతాయి. స్కేలు, రంగుల కార్డు పక్కన పెట్టి ఫోటో తీయాలి. గుర్తులు, సూచనల అక్షరాలు ఉండే చోట్ల ముందు ఈ పరీక్ష చేయకుండా మొత్తం గీకేయడం సాక్ష్యాన్ని తగలబెట్టడమే. ఇంగ్లండ్‌లోని యోవిల్టన్ ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ మ్యూజియంలో కేడీ 431 నంబరు కోర్సేర్ ఫైటర్ మీద 1960ల్లో వేసిన పెయింటుని మాత్రమే ఓపికగా తొలగించారు. దాని కింద 1944 నాటి అసలు పెయింటు అలాగే ఉంది. కొత్త పెయింటు వేసిన విమానం ఏ మ్యూజియంలోనైనా దొరుకుతుంది, అలాంటిది చాలా అరుదు.

ఏ మార్క్ విమానమో తేల్చడానికి కూడా పెయింటు మీద నంబరు ఒక్కటే చాలదు. జర్మనీకి చేసిన 100, 101 మార్కుల్లో తోక నిలువు రెక్క ఎత్తు ఎక్కువ. కానీ ఏళ్ళ తరబడి ఒక విమానం భాగం ఇంకో దానికి వేసుకుంటూ వచ్చారు కాబట్టి ఎత్తు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కాక్‌పిట్‌లో, రెక్కల ఫిట్టింగుల మీద, కాళ్ళ మీద కొట్టిన నంబర్లన్నీ రాసుకుని పోల్చాలి. ఒకే విమానం అని చూపిస్తున్న దానిలో రెండు మూడు విమానాలు ఉండటం కొత్తేమీ కాదు.

రెక్క మడిచి పెట్టాలా, చాపి పెట్టాలా

నేవీ విమానం అంటే మడిచిన రెక్కతో చూపించాలని ప్రతి మ్యూజియంకీ ఉంటుంది. సీ హాక్ రెక్కలు పైకి మడిస్తే వెడల్పు 11.89 మీటర్ల నుంచి 4 మీటర్ల పైచిలుకుకి తగ్గుతుంది. ఓడ లిఫ్టుకీ, హ్యాంగర్‌కీ కావాల్సింది ఇదే. చూసేవాళ్ళకు కూడా ఆ మడతలోనే విషయం అర్థమవుతుంది.

కానీ ఆరుబయట, తీరం పక్కన మడిచి పెట్టడం వద్దు. మడిచినప్పుడు లోపలి రెక్క కోసిన మొహం తెరుచుకుంటుంది. హైడ్రాలిక్ పైపులు, కంట్రోల్ తీగలు, ఉక్కు మడతబందు చెవులు, వాటిని పట్టుకున్న అల్యూమినియం స్పార్ అన్నీ గాలికీ ఉప్పుకీ ఎదురుగా నిలబడతాయి. పిట్టలు గూళ్ళు కట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. వాటి రెట్ట కూడా లోహాన్ని తినేదే. పైకి లేచిన బయటి రెక్క గాలికి తెరచాపలా ఊగి ఆ బరువంతా అరిగిన మడతబందు పిన్నుల మీద మోపుతుంది. హైడ్రాలిక్ ఒత్తిడి లేదు కాబట్టి పట్టి ఉంచేది ఆ పిన్నులూ, ఆసరా కడ్డీలూ మాత్రమే.

పైకప్పు ఉన్న హాలు ఉంటే మడవచ్చు. క్రేన్‌తో మెత్తటి పట్టీలు వేసి రెక్కని లేపాలి, లోపలి హైడ్రాలిక్ జాక్ మీద ఆధారపడకూడదు. జాక్ సీళ్ళు ఎండి కుంచించుకుపోయి ఉంటాయి. ఒక రెక్క మడిచి రెండోది చాపి ఉంచడం కొన్నిచోట్ల చేస్తారు. చూడటానికి బాగుంటుంది గానీ బరువు ఒక పక్కకి వాలుతుంది కాబట్టి చాపిన రెక్క కింద స్టాండు తప్పనిసరి. ప్రతి రెక్కకీ ఫ్యూజలేజ్ నుంచి ఆసరా కడ్డీ బిగించి, కోసిన మొహానికి పారదర్శకమైన పలకని కింద ఓ అంగుళం సందు వదిలి అమర్చాలి. మడతబందు చెవులను ఏడాదికోసారి తుడిచి కొత్త గ్రీజు పెట్టాలి. పాత గ్రీజు ఎండి ఉప్పుని పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి దాన్ని తీయకుండా పైన కొత్తది పూయడం వృథా.

ఆరుబయటే ఉంచక తప్పదంటే రెక్కలు చాపి, తాళం పిన్నులు పూర్తిగా లోపలికి దిగాయని రెండు వైపులా కళ్ళతో చూసి, వాటికి తీగ ముడి వేసి సీలు చేయాలి. మడత గీత వెంబడి సీలెంట్ పైభాగంలో మాత్రమే పూయాలి. కింద కూడా మూసేస్తే లోపలికి వెళ్ళిన నీరు అక్కడే ఉండిపోతుంది.